సిరోంచలో నాలుగు బిందెల కార్డు

మంచిర్యాల దాటాక

సిరోంచ వెళ్తున్నానని చెబితే హైదరాబాద్‌లోని మా ఆఫీసులో అదెక్కడుందో చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఫోన్‌లో పటం తెరిచి చూపించాను. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా, అవతలి ఒడ్డున ఉంది. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. "మహారాష్ట్రలో తెలుగు ప్రశ్నలతో నీకేం పని?" అని అడిగారు. అక్కడ ఇళ్లలో మాట్లాడేది తెలుగే అని చెప్పాను కానీ, అప్పటికి ఆ సంగతి నాకూ కాగితం మీదే తెలుసు.

నా పనేమిటో ముందే చెప్పేస్తాను. కాన్పుకు ముందూ తరువాతా కొందరు ఆడవాళ్లకు మనసు బాగా కుంగిపోతుంది. అది అలసట కాదు, జబ్బు. దాన్ని తొందరగా పసిగట్టడానికి ఒక ప్రశ్నపత్రం ఉంది. ఇంగ్లీషులో తయారైన దాన్ని మేం తెలుగులోకి తెచ్చాం. భాష మారినంత మాత్రాన అది ఇక్కడ కూడా సరిగ్గా కొలుస్తుందని నమ్మడానికి లేదు. పరీక్షించాలి. ఆ పద్ధతి ఇది: ముందు ఒక స్థానిక కార్యకర్త బాలింతను ఆ ప్రశ్నలు అడుగుతుంది. జవాబులకు మార్కులు వస్తాయి. ఎక్కువ మార్కులంటే ఎక్కువ బాధ. తరువాత ఒక మానసిక వైద్యురాలు, మార్కులెన్నో తెలియకుండా, అదే మనిషితో విడిగా మాట్లాడి తన అభిప్రాయం రాస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చిన అందరినీ ఆమె చూస్తుంది. తక్కువ వచ్చినవాళ్లలో చీటీ వేసి కొందరినే చూస్తుంది. రెండు అభిప్రాయాలూ కలిస్తే ప్రశ్నపత్రం పనికొస్తుంది. కలిశాయో లేదో లెక్కగట్టేది నేను.

సంచిలో పెట్టుకున్నవి: ట్యాబ్, ఛార్జర్, ప్లాస్టిక్ పూత వేయించిన కార్డులు, కడుపునొప్పి మాత్రలు, దోమల బత్తి. మరిచిపోయింది: గొడుగు. వెళ్లింది వానల్లో.

చెన్నూరు దాటాక షేర్ ఆటోలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ప్రాణహిత వంతెన ఎక్కగానే నీళ్లను చూడమని మోచేత్తో పొడిచాడు. నది నిండా ఎర్రమట్టి రంగు.

"ఈ బ్రిడ్జి లేనప్పుడు నాటు పడవల మీదనే పోతుంటిమి. నా పెండ్లి పడవల అయింది."

"పడవలోనే పెళ్లి చేశారా?"

"పెండ్లి ఒడ్డుకే అయింది. భయం పడవల అయింది" అని తనే నవ్వాడు.

వంతెన మధ్యలో నా ఫోన్ మహారాష్ట్రకు స్వాగతం చెప్పింది. ఆయన మాత్రం కూతుర్ని ఈ ఒడ్డున ఇచ్చానని, కోడల్ని ఆ ఒడ్డు నుంచి తెచ్చుకున్నానని చెప్పుకుంటూనే ఉన్నాడు. రాష్ట్రం మారిన సంగతి ఆయన ప్రస్తావించలేదు.

సిరోంచ

బోర్డులన్నీ మరాఠీలో ఉన్నాయి. వాటి కింద బేరాలన్నీ తెలుగులో సాగుతున్నాయి. మనం మండలం అనేదాన్ని ఇక్కడ తహసీల్ అంటారు. బడిపిల్లలు లెక్కలు మరాఠీలో చదివి, అర్థం కానప్పుడు తెలుగులో తిట్టుకుంటారు. పొద్దున్నే హోటల్లో పోహా పెట్టారు, ఇరవై రూపాయలు. అటుకుల మీద శనగల పులుసు, అదీ ఎర్రగా కారం తేలేలా పోస్తారు. మా తెనాలిలో అటుకులంటే కృష్ణాష్టమి ప్రసాదం. మొదటి చెంచాకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హోటలాయన చూసి, "జర తక్కువ పోద్దునా సార్?" అని అడిగాడు. వద్దన్నాను. పరువు సమస్య.

ప్రశ్నలు అడిగే పద్మక్కను మొదటిసారి ఎదురుగా చూసింది అక్కడే. ఈ ఊరి మనిషే, నలభై దాటి ఉంటాయి. ఏళ్లుగా గర్భిణుల ఇళ్లకు తిరిగే పని చేస్తోంది. మా అనువాదంలోని పుస్తకాల మాటలన్నింటినీ అంతకుముందే తీసేయించింది ఆమే. "గీ మాట మా దిక్కు ఎవలంటరు సార్? పేపర్ల ఉంటది, ఇంట్ల ఉండది" అని ఫోన్‌లో ఒక్కో మాటా కొట్టేయించింది. అలా వాక్యాలు బాగుపడ్డాయి.

కార్డు సంగతి ఇక్కడ చెప్పాలి. చదువు రానివాళ్లు "కొద్దిగా", "చాలా" మధ్య తేడా నోటితో చెప్పలేరని మా ఆఫీసులో ఒక బొమ్మ గీయించాం. వరుసగా నాలుగు బిందెలు. మొదటిది ఖాళీ, రెండోది పావు, మూడోది సగం, నాలుగోది నిండు. "ఈ వారంలో ఎంత ఏడుపొచ్చింది?" అని అడిగితే బిందె మీద వేలు పెట్టాలి. ఖాళీ అంటే అసలు రాలేదు, నిండు అంటే రోజూ వచ్చింది. ఏడుపు, భయం, నిద్ర, తప్పంతా నాదే అనిపించడం, ఇలా సాగుతాయి ప్రశ్నలు. చివర ఒకటి మాత్రం ఎంత నవ్వారని అడుగుతుంది, దానికి మార్కులు తిరగేసి వేస్తాం. బొమ్మ అందంగా వచ్చిందని అందరం మెచ్చుకున్నాం. అందులో నా వంతు కూడా ఉంది. బిందెల్లో నీటి గీతలు సమాన దూరంలో ఉండాలని పట్టుబట్టింది నేనే.

నది పక్క ఊళ్లు

మొదటి రెండు రోజులు గోదావరి ఒడ్డు ఊళ్లలో తిరిగాం. వరినాట్లు పడుతున్నాయి. ఇళ్లల్లో బాలింతలు, వాళ్ల అత్తలు తప్ప ఎవరూ లేరు. మగవాణ్ని కాబట్టి నేను అరుగు మీదే ఆగిపోయేవాణ్ని. చాయ్ వచ్చేది. మా ఇంట్లో అడిగి ఇస్తారు, ఇక్కడ అడగరు. వద్దంటే ఇంకో కప్పు పోస్తారు. పద్మక్క లోపల చాప మీద కూర్చుని కార్డు పట్టుకుని అడిగేది. గుమ్మంలోంచి ఆమె వీపు, చేయి మాత్రం కనిపించేవి.

ఒక ఇంట్లో అత్తే అన్నిటికీ జవాబులు చెప్పేస్తోంది.

"దానికేం భయం లేదు, మస్తుగ నిద్రపోతది."

"అత్తా, కాన్పైంది నీకా, నీ కోడలికా?" అంది పద్మక్క.

"నాకు అయిదు కాన్పులైనయ్ పద్మా. నాకు తెల్వదా?"

"అయితే నీ జవాబులు ఇరవై ఏండ్ల కింద రాసుకుంటుంటిమి. ఇప్పుడు జర బయట కూసో."

పని ఇలా బాగానే సాగుతోంది కానీ, సాయంత్రం ట్యాబ్ తెరిస్తే నాకు కంగారు పుట్టింది. అందరి మార్కులూ ఎక్కువే. హాయిగా ఉన్నట్టు కనిపించే ఆడవాళ్లు కూడా ప్రతి ప్రశ్నకూ పావు బిందె మీద వేలు పెడుతున్నారు. ఖాళీ బిందెను ఎవరూ ఎన్నుకోవడం లేదు. ఏ కొలబద్దకైనా సున్నా ఉండాలి. సున్నా ఎవరికీ రాకపోతే ఎవరు బాగున్నారో, ఎవరు లేరో విడదీయలేం. మా ప్రశ్నపత్రం సిరోంచలో విఫలమైందని రాయాల్సి వచ్చేలా ఉంది. ఆ సాయంత్రం బెస్తవాళ్ల ఇంటి నుంచి తెప్పించిన చేపల పులుసు కూడా రుచించలేదు.

ఒర్రె అవతలి ఊరు

మూడో రోజు ఆలాపల్లి దారిలో కొంత దూరం వెళ్లి, అడవి వైపు తిరిగాం. ఊరికి ముందు ఒక వాగు ఉంది. వీళ్లు ఒర్రె అంటారు. దాని మీద నేలబారు కల్వర్టు, పక్కన ఒక నల్లరాయి. ఆ రోజు నీళ్లు చీలమండల లోతే ఉన్నాయి.

అక్కడ రాజక్క ఇంటికి వెళ్లాం. ఎత్తయిన మనిషి, మాటలో పదును. ఆమె కోడలు స్వప్నకు తొలి కాన్పు, ఆడపిల్ల. తల్లి చిన్నప్పుడే పోవడంతో కాన్పు అత్తింట్లోనే జరిగింది. కొడుకు మంచిర్యాలలో సెంట్రింగ్ పనికి వెళ్తాడు. (పేర్లన్నీ మార్చాను. ఇలా రాస్తానని అత్తాకోడళ్లిద్దరినీ అడిగాకే రాస్తున్నాను.)

"ఏం ఇస్తరు ఈ ప్రశ్నలు అడిగితే?" అని రాజక్క నన్నే అడిగింది.

"ఏమీ ఇవ్వమమ్మా. కాకపోతే ఎవరికైనా మనసు బాలేకపోతే డాక్టరుతో మాట్లాడిస్తాం."

"నా కోడలికి ఏం తక్కువైంది? అన్ని మంచం కాడికే పోతున్నయ్" అంది. అంటూనే నాకు చాయ్, దాంతోపాటు నువ్వుల ముద్దలు పెట్టింది. బాలింతకు చేసినవే.

స్వప్న ఇల్లు ఊడ్చినంత శుభ్రంగా జవాబులిచ్చింది. గొంతు వినిపించలేదు, వేలు పెట్టిందంతే. తొందరగా అయిపోయింది. జీపులో ట్యాబ్ చూసుకుని ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఎంత ఏడ్చావంటే ఖాళీ బిందె. ఎంత భయమంటే ఖాళీ బిందె. అన్నిటికీ ఖాళీయే. ఇన్నాళ్లకు సున్నా దొరికింది! చివరి నవ్వు ప్రశ్నకు కూడా ఖాళీ అనే చూపించింది. అది తొందరలో పెట్టి ఉంటుందనుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నకు మార్కులు పడినా, మొత్తం మీద ఆమెవే అందరికంటే తక్కువ. అంటే మా లెక్క ప్రకారం ఆ తహసీల్‌లో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న బాలింత.

"చూశావా అక్కా, కార్డు పనిచేస్తోంది" అన్నాను.

పద్మక్క "ఆఁ సార్" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

డాక్టరుకు పంపాల్సినవాళ్ల చీటీల్లో స్వప్న పేరు రాలేదు.

ఖాళీ డబ్బాతో ఎదురు వెళ్లడం

మర్నాడంతా వాన. ఆ తర్వాతి పొద్దున లాడ్జిలో నీళ్లు లేవు. గదిలోని ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా తీసుకుని వీధికి అవతల ఉన్న నీళ్ల ప్లాంటుకు బయల్దేరాను. మధ్యలో ఒక ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. నిండు గర్భిణిని ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తున్నారు. నేను చూసుకోకుండా ఆటో ముందు నుంచి నడిచాను.

"ఏయ్! ఆగు! కండ్లున్నయా లేవా నీకు?"

ఒక ముసలామె, చేతిలో సంచితో, నా మీదికే వచ్చింది.

"పిల్ల కాన్పుకు పోతాంటే ఖాళీ డబ్బా పట్టుకొని ఎదురొస్తవా? ఏ ఊరు నీది?"

"తెనాలండీ" అన్నాను. ఏ ఊరంటే ఊరి పేరు చెప్పడం తప్ప ఇంకేం తోచలేదు.

"మీ తెనాల్ల గిట్లనే పంపుతరా ఆడోళ్లను?"

మా ఊళ్లోనూ ఇలా పంపరు. బయల్దేరేటప్పుడు ఖాళీ బిందె ఎదురైతే మా నాయనమ్మ కూడా వెనక్కి వచ్చి కాసేపు కూర్చునేది. కానీ ప్లాస్టిక్ డబ్బాకు అది వర్తిస్తుందని నేను అనుకోలేదు.

గర్భిణిని మళ్లీ దింపి అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. ఆటో డ్రైవర్ ఇంజిన్ ఆపాడు. ముసలామె నాకు వేలు చూపించింది. "పో. నింపుకొని రా. నిండు డబ్బాతోని ఎదురు రా. అప్పుడు పోతం."

నేను పరుగెత్తాను. నింపాను. మూత సరిగా పడక చొక్కా మీద ఒలుకుతుంటే, డబ్బా భుజానికెత్తుకుని ఆటోకు ఎదురుగా నడిచాను. నొప్పుల్లో ఉన్న ఆ అమ్మాయి నన్ను చూసి పళ్లు బిగబట్టుకునే నవ్వింది. "ఇగ పోనియ్" అంది ముసలామె. ఆటో కదిలింది.

నేను కదల్లేదు. భుజం మీద డబ్బాతో వీధి మధ్యలో నిలబడిపోయాను.

ఎదురొచ్చే ప్లాస్టిక్ డబ్బానే ఇంత పట్టించుకునే మనుషుల ముందు, పురిటి మంచం దగ్గర, పసిబిడ్డ పక్కన, మేం ఖాళీ బిందె బొమ్మ పెట్టి వేలు పెట్టమన్నాం. ఎవరూ పెట్టలేదు. వాళ్లకు బాధ ఉండి పావు బిందెను ఎన్నుకోలేదు. ఖాళీని ముట్టుకోవడం ఇష్టం లేక ఎన్నుకున్నారు. వాక్యాలన్నీ ఈ ఊరి భాషలోకి మార్చాం. బొమ్మను మార్చాలని ఎవరికీ తోచలేదు.

మరి ఒక్కతే ఒక్క మనిషి ప్రతి ప్రశ్నకూ ఖాళీ బిందె మీదే వేలు పెట్టింది. ఎంత ఏడ్చావంటే ఖాళీ. ఎంత నవ్వావన్నా ఖాళీయే.

బొటనవేలు

పద్మక్క ఇంటికి వెళ్లేసరికి ఆమె బియ్యం చెరుగుతోంది. కార్డు ఆమె చేతికిచ్చి, లోపల ఎలా పట్టుకుంటుందో అలాగే పట్టుకోమన్నాను. పట్టుకుంది. ఎడమచేతి బొటనవేలు సరిగ్గా ఖాళీ బిందె మీద పడింది. బిందె కనిపించలేదు.

"ఎప్పుడూ ఇలాగేనా అక్కా?"

ఆమె తన వేలిని తనే మొదటిసారి చూసినట్టు చూసింది. "తెల్వకుంటనే అట్ల పట్టుకుంటున్న సార్. పసిపిల్ల ముంగట... మంచిగనిపియ్యది కద."

"స్వప్న దగ్గర?"

చేట పక్కన పెట్టేసింది. "ఆ పిల్ల నా బొటనవేలు పట్టి పక్కకు జరిపింది సార్. జరిపి చూపెట్టింది. నాకు గుండె ఝల్లుమన్నది. మల్ల మీరు మార్కులు తక్కువొచ్చినయని సంబురపడ్డరు. మంచిదే కావచ్చునని ఊకున్న."

నా ఊహ తప్పు కావచ్చు. శకునాలు పట్టించుకోని అమ్మాయి అయి ఉండొచ్చు, చదువుకున్నదై ఉండొచ్చు. కానీ బిడ్డకు ఏమవుతుందోనన్న భయం ఊళ్లో అందరికీ ఉండి, ఒక్క తల్లికి లేకపోతే, ఆ లేకపోవడాన్ని ఆరోగ్యం అని రాసుకుని ఊరుకోగలనా?

మా మానసిక వైద్యురాలు డాక్టర్ వసుధ ముందురోజే సిరోంచ చేరుకుంది. మా నియమం ప్రకారం మార్కుల గురించి ఆమెతో ఒక్క మాట అనకూడదు. అన్నాను. ఆమె మధ్యలో ఆపకుండా విని, ఒకటే అడిగింది. "ఆమె దగ్గర ఇప్పుడెవరున్నారు?"

రాజక్క ఫోన్ కలవలేదు. ఆ ఊరి కార్యకర్త ఫోన్ కూడా కలవలేదు. వానపడితే అక్కడ సిగ్నల్ ఉండదట.

"మార్కులు నాకు చెప్పేశావు కాబట్టి మీ లెక్కల్లో ఆమె వరుస కొట్టెయ్" అంది డాక్టర్ చెప్పులు వేసుకుంటూ. "పద."

నల్లరాయి

జీపు డ్రైవర్ శంకర్ ఒర్రె దగ్గర బండి ఆపేశాడు. కల్వర్టు కనిపించడం లేదు. దాని చోట వెడల్పాటి ఎర్రనీరు గుండ్రంగా తిరుగుతూ పారుతోంది.

"ఆ రాయి ఏది?" అన్నాను.

"మునిగింది సార్. రాయి తేలినంక పోదం. తేలకముందు పోతే మనం తేల్తం."

అటువైపు మనుషులు, ఇటువైపు మనుషులు. బైకుల మీద వచ్చినవాళ్లు దిగి బీడీలు కాలుస్తున్నారు. ఒకడు మక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతున్నాడు. ఎవరికీ తొందర లేదు. వానాకాలంలో ఇంకా అడవి లోపలి భామ్రాగడ్ వైపైతే రోజుల తరబడి దారే ఉండదని, ఇది పూట పనేనని ఓదార్చారు. నేను నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నీరు దిగుతోందో లేదో చూస్తూ కూర్చున్నాను. పుల్ల కొట్టుకుపోయింది. ఇంకోటి గుచ్చాను.

అప్పుడు అవతలి నుంచి మైకు పాట వినిపించింది.

"ఎవరింట్లో?" అని పద్మక్క అటు ఒడ్డుకు కేక వేసింది.

"రాజక్కోల్ల ఇంట్ల! మన్మరాలిని తొట్టెల్ల ఏస్తున్నరు! పేరు పెడ్తున్నరు!"

నాకు ఊపిరి తేలికైంది. ఇల్లంతా చుట్టాలుంటే ఆమె ఒంటరిగా లేనట్టే కదా. అదే మాట డాక్టర్‌తో అన్నాను. ఆమె నీళ్లలో రాయి ఉండాల్సిన చోటునే చూస్తోంది.

రాయి నెత్తి కనిపించగానే శంకర్ ఎవరూ చెప్పకుండానే బండి స్టార్ట్ చేశాడు.

తొట్టెల

ఇంటి ముందు షామియానా, లోపల పెద్ద గంజుల్లో మటన్. దూలానికి చీరతో కట్టిన ఉయ్యాలకు, వీళ్ల తొట్టెలకు, వేపరెబ్బలు గుచ్చారు. స్వప్న కొత్త చీరలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు. ఆమె ముఖం చూస్తే ఆ ఇంట్లో చుట్టమేమో అనిపించింది.

"రాండ్రి, టైమ్‌కే ఒచ్చిన్రు, తిని పోదురు" అంది రాజక్క. అంతలో డాక్టర్‌ను చూసి, "మల్ల ప్రశ్నలా?"

"ప్రశ్నలు కాదమ్మా. నేను డాక్టర్ని. బాలింతను ఒకసారి చూడాలి, విడిగా."

"ఇప్పుడా? పేరు పెట్టే యాళ్లకా?"

"ఇప్పుడే. పేరు పెట్టకముందే."

రాజక్క మా ముగ్గురి ముఖాలూ వరుసగా చూసింది. ఏమనుకుందో, కోడలి చెయ్యి పట్టుకుని లేపి తనే లోపలి గదిలోకి తీసుకెళ్లింది. బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. పిల్ల పద్మక్క ఒడిలోకి చేరింది.

తరువాత గడిచిన సమయం ఈ ప్రయాణంలో అన్నిటికంటే పొడవైనది. పాటలు ఆగిపోయాయి. తొట్టెల ఖాళీగా ఊగుతోంది. రాజక్క తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్ కథ? ఏం రోగం?"

"డాక్టర్ చూస్తోంది కదా, చెప్తుంది."

"పిచ్చి డాక్టరంట కద?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పిచ్చి నీకు. తల్లి తిన్నదా పన్నదా అని చూసే డాక్టర్" అంది పద్మక్క వెనక్కి తిరగకుండానే.

స్వప్న భర్త తలుపు వైపు ఒకడుగు, వాకిలి వైపు ఒకడుగు వేస్తున్నాడు. అతని కళ్లలో నాకు కనిపించింది కోపం కాదు. ఇన్నాళ్లూ ఏదో అనుమానపడి, దానికి పేరు తెలియనివాడి చూపు అది.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ రాజక్కను లోపలికి పిలిచింది. మళ్లీ మూసుకుంది. లోపల మాటలు వినిపించలేదు. ఒకసారి మాత్రం "అయ్యో బిడ్డా" అన్న మాట వినిపించింది.

రాజక్క బయటికొచ్చినప్పుడు ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది. కానీ గొంతు మారలేదు.

"ఇయ్యాల పేరు పెడ్తలేం."

"ఏందక్కా? టైమ్ పోతాంది" అన్నాడు తమ్ముడు.

"పోనియ్."

"ఇంతమందిని పిలిచి..."

"పిలిచిన. మటన్ ఉడికింది. తినొద్దన్ననా? కూసోని తినుండ్రి. పేరు మాత్రం పెడ్తలేం."

తొట్టెల దగ్గరికి వెళ్లి చీర ముడి తనే విప్పింది. వేపరెబ్బలు కింద రాలాయి. కాసేపటికి విస్తళ్లు వేశారు. గొణుక్కుంటూనే అందరూ తిన్నారు.

వంతెన మీద

జీపులో ముందు డాక్టర్, వెనక స్వప్న, ఆమె పక్కన భర్త, ఎదురుగా రాజక్క ఒళ్లో పిల్ల, పద్మక్క, నేను. ఒర్రె దాటాక స్వప్న భర్త భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రాజక్క ఆమె నిద్రపోయిందని చూసుకుని, నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"పేరు పెట్టిందాంక ఉండాలె, తర్వాత సచ్చిపోవాలె అనుకున్నదంట సార్. అందుకే తొట్టెల ఎప్పుడు, పేరు ఎప్పుడని నన్ను రోజు అడుగుతుండె. నేనేమో పిల్ల సంబురపడ్తున్నదనుకున్న."

ట్యాబ్ ఉన్న సంచిని కాళ్ల కిందికి తోశాను.

"డాక్టరమ్మ నా ముంగటనే అడిగింది, నీ అత్తకు చెప్పాల్నా అని. చెప్పుండ్రి అన్నది. నాకు చెప్పుమన్నది, సార్." ఆ చివరి మాటను రాజక్క రెండుసార్లు అంది. "ఇగ పేరెట్ల పెడ్త? పేరు లేనన్ని రోజులు ఉంటదంటే, పేరే పెట్టను."

డాక్టర్ వెనక్కి తిరిగి, దీనికి మందు ఉందని, బిడ్డకు పాలిస్తూ కూడా వాడగలిగే మందులున్నాయని, కొన్నాళ్లు మాత్రం ఆమెను ఒక్కదాన్నీ వదలొద్దని నెమ్మదిగా మళ్లీ చెప్పింది. "పేరు ఆపడం మందు కాదు రాజక్కా" అని కూడా అంది.

"మందు మీరు ఇయ్యుండ్రి. నా తోని అయ్యేది నేను చేస్త" అంది రాజక్క.

ప్రాణహిత మీద వాన మళ్లీ మొదలైంది. మంచిర్యాల ఆసుపత్రి కౌంటర్ దగ్గర గుమాస్తా తల్లి పేరు రాసుకుని, బిడ్డ పేరు అడిగాడు. ఇంకా పెట్టలేదన్నాం. తొందరగా పెట్టుకోండని, కాగితాలకు ఇబ్బందవుతుందని చెప్పాడు. రాజక్క పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది.

తిరిగొచ్చాక

బిందెల కార్డు తీసేశాం. ఇప్పుడు చేటలో పోసిన వడ్లు చూపిస్తున్నాం. అన్నిటికంటే తక్కువంటే ఒక చిటికెడు, ఖాళీ చేట లేదు. పద్మక్క కార్డును అంచు పట్టుకుని అడుగుతోంది. పాత మార్కులన్నీ పక్కన పెట్టి, ఆ ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్లాం. ఈసారి డాక్టర్ అందరినీ చూసింది. మరో ఇద్దరికి సాయం అవసరమైంది. ప్రశ్నపత్రం ఇక్కడ పనికొస్తుందో లేదో చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది.

నేను పద్మక్కకు తరచూ ఫోన్ చేస్తాను. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "పేరు పెట్టారా?" "ఇంక లే సార్" అంటుంది. ఆ జవాబుకు నేను ఎంత అలవాటుపడ్డానంటే, అది విన్నాకే ఊరట పడి మిగతా విషయాలు మాట్లాడతాను. స్వప్న మందులు మానకుండా వేసుకుంటోంది. రెండుసార్లు మంచిర్యాల వెళ్లొచ్చింది. పిల్ల బోర్లా పడుతోంది.

మొన్న ఫోన్ పద్మక్క దగ్గర నుంచి ఇంకొకరి చేతికి వెళ్లింది. నేను అంతకుముందు ఎన్నడూ వినని గొంతు.

"సార్, నేను స్వప్నను. మా అత్తకు జర మీరన్న చెప్పుండ్రి. అంగన్‌వాడీల పోరి పేరు రాయాలంటున్నరు. ఈమె పెట్టనిస్తలేదు. పేరు ముచ్చట ఎత్తితే పరేషాన్ అవుతున్నది."

డాక్టర్‌ను అడిగి చెబుతానన్నాను.

"అడుగుండ్రి. నేనైతే పేరు అనుకున్న."

"ఏం పేరు?"

"ఇప్పుడే చెప్తనా సార్? అత్త ఈడనే ఉన్నది, ఇంటది" అంది. వెనక నుంచి రాజక్క, "ఏం చెప్తున్నవే సారుకు?" అని అరుస్తోంది.